మిగిలినవారి పడవ: పికిల్‌బాల్ ఆటలో శాస్త్రమూ, స్నేహమూ

పికిల్ అన్న మాట చెవిన పడగానే తెలుగువాడి మనసు ఆవకాయ జాడీ మీదకు పోవడం సహజం. మా సంఘ సమావేశంలో "ఈ శరదృతువులో పికిల్‌బాల్ పోటీ పెడదాం" అని ఒక యువకుడు ప్రతిపాదించినప్పుడు, వెనుక వరుసలో కూర్చున్న ఒక పెద్దావిడ "ఆవకాయా, మాగాయా?" అని అడగడమూ, సభ యావత్తూ నవ్వడమూ జరిగింది.

నవ్వులు త్వరగానే ముగిశాయి గాని, వాదం ముగియలేదు. పోటీని ఎలా నడపాలన్న విషయంలో రెండు పక్షాలు ఏర్పడ్డాయి. యువకులు నాకౌట్ పద్ధతి కావాలన్నారు. ఓడిన జోడీ తప్పుకోవాలి, గెలిచిన జోడీ ముందుకు పోవాలి, చివరికి మిగిలిన ఇద్దరికీ కప్పు దక్కాలి. అంతకు ముందు ఏడు మేము అదే పద్ధతిని అనుసరించాము. ఉదయం 9 గంటలకు ఆట మొదలైతే, 10 గంటలకల్లా సగం మంది ఓడిపోయి, పిల్లలను కార్లలో ఎక్కించుకుని ఇళ్లకు వెళ్లిపోయారు. కప్పు అందజేసే వేళకు చప్పట్లు కొట్టడానికి పట్టుమని పదిమంది కూడా మిగలలేదు. ఆ సంగతిని గుర్తు చేస్తూ మా కోశాధికారిగారు, "సంఘాన్ని ఒక చోటికి చేర్చడానికి పోటీ పెడుతున్నామా, ఇంటికి పంపడానికి పెడుతున్నామా?" అని అడిగారు. ఎవరూ వెంటనే సమాధానం చెప్పలేకపోయారు.

ఆ సమాధానం వెదికే పని నాకు అప్పగించారు. విమాన పరిశ్రమలో ఇంజనీరుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాడిని. పైగా అంతకు ముందు ఏడాది పోటీలో వెనక్కి పరుగెత్తబోయి పడి, కుడి మణికట్టు విరగగొట్టుకున్నవాడిని. కనుక బ్యాటుకు బదులు పెన్సిలు పట్టుకోవడమే నాకు క్షేమమని అందరూ ఏకగ్రీవంగా తీర్మానించారు. ఆ పెన్సిలుతో నేను తెలుసుకున్న కొన్ని విషయాలను పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

బైన్‌బ్రిడ్జి ద్వీపంలో ఒక వేసవి

మేము ఉండేది సియాటిల్ నగరానికి తూర్పున, సరస్సు ఆవలి గట్టున. సియాటిల్ రేవు నుండి పడమరగా పెద్ద పడవలో 35 నిమిషాలు ప్రయాణం చేస్తే బైన్‌బ్రిడ్జి ద్వీపం వస్తుంది. పికిల్‌బాల్ పుట్టినిల్లు అదే. 1965 వేసవిలో ఒక శనివారం నాడు, వాషింగ్టన్ రాష్ట్ర శాసనసభ్యుడు జోయెల్ ప్రిచర్డ్, ఆయన మిత్రుడు బిల్ బెల్ గోల్ఫ్ ఆడి ఇంటికి తిరిగి వచ్చేసరికి, రెండు కుటుంబాలవారూ ఏమీ తోచక కూర్చుని ఉన్నారు. పెరటిలో పాత బ్యాడ్మింటన్ కోర్టు ఒకటి ఉన్నది. అయితే సరైన సామాను లేదు. దానితో వారు టేబుల్ టెన్నిస్ బ్యాట్లనూ, చిల్లులున్న ప్లాస్టిక్ బంతినీ తీసుకుని ఆడటం మొదలుపెట్టారు. మొదట నెట్టును బ్యాడ్మింటన్ ఎత్తులోనే, అంటే 60 అంగుళాల ఎత్తున కట్టారు. బంతి నేల మీద పడి లేస్తున్నదని గమనించాక 36 అంగుళాలకు దించారు. మరుసటి వారం బార్నీ మెకల్లమ్ అనే మరొక మిత్రుడు వారితో చేరాడు. కుటుంబమంతా కలిసి ఆడుకునే ఆటగా ఉండాలన్న ఒకే ఒక్క నియమాన్ని ముందుంచుకుని ఆ ముగ్గురూ మిగిలిన నియమాలన్నీ రాసుకున్నారు. ప్లైవుడ్ చెక్కతో పెద్ద బ్యాట్లు చేసినవాడు మెకల్లమ్.

ఇక పేరు సంగతి. ఊరగాయకూ ఈ ఆటకూ ఏ సంబంధమూ లేదు. ప్రిచర్డ్ గారి భార్య జోన్ ఈ పేరు పెట్టింది. పడవ పందాలలో, వేర్వేరు పడవలకు ఎంపిక కాగా మిగిలిపోయిన తెడ్లవాళ్లను పోగుచేసి నడిపే పడవను 'పికిల్ బోట్' అనే వాడుక ఉన్నది. బ్యాడ్మింటన్ నుండి కోర్టు, టేబుల్ టెన్నిస్ నుండి బ్యాట్లు, టెన్నిస్ నుండి కొన్ని నియమాలు తీసుకున్న ఈ ఆట ఆమెకు ఆ మిగిలినవారి పడవలాగా కనిపించింది. ప్రిచర్డ్ కుటుంబంలో పికిల్స్ అనే కుక్క ఉండేదనీ, ఆటకు దాని పేరే పెట్టారనీ మరొక కథ ప్రచారంలో ఉన్నది. అయితే కుక్క తరువాత వచ్చిందనీ, ఆట పేరునే దానికి పెట్టామనీ ఆ కుటుంబంవారు స్పష్టం చేశారు.

తెలిసినంతలో మొట్టమొదటి పికిల్‌బాల్ పోటీ 1976లో, సియాటిల్‌కు దక్షిణాన ఉన్న టక్విలా పట్టణంలో జరిగింది. అందులో పాల్గొన్నవారిలో చాలామంది ఈ ఆటతో పెద్దగా పరిచయం లేని కాలేజీ టెన్నిస్ ఆటగాళ్లే. పురుషుల సింగిల్స్‌లో డేవిడ్ లెస్టర్ గెలువగా, స్టీవ్ పరాంటో రెండవ స్థానంలో నిలిచాడు. ఈ స్టీవ్ తండ్రి ఆర్లెన్ పరాంటో బోయింగ్ సంస్థలో ఇంజనీరు. విమానాల నేలపలకలకు వాడే తేనెపట్టు నిర్మాణపు పదార్థంతో 1984లో ఆయన తేలికైన బ్యాట్లు తయారు చేశాడు. నేను ఉద్యోగకాలంలో అటువంటి పలకలతోనే పనిచేశాను కనుక ఈ సంగతి నాకు మరీ ప్రీతిపాత్రం. రెండు పలుచని రేకుల నడుమ ఆరు మూలల గదులను పేర్చితే, ఆ గదులు రేకులను దూరదూరంగా నిలబెట్టి వంగకుండా కాపాడతాయి. బరువు మాత్రం చాలా తక్కువ. విమానంలో ప్రయాణికుల పాదాల కింద ఉండే శాస్త్రం ఈ ఆటలో చేతిలోకి వచ్చిందన్నమాట.

ఆ పెరటి ఆటను 2022లో వాషింగ్టన్ రాష్ట్రం తన అధికారిక క్రీడగా ప్రకటించింది. క్రీడాపరిశ్రమ సంఘంవారి లెక్క ప్రకారం 2024లో అమెరికాలో ఈ ఆట ఆడినవారు సుమారు 1 కోటి 98 లక్షలు.

బంతిలోని భౌతికశాస్త్రం

పికిల్‌బాల్ కోర్టు పొడవు 44 అడుగులు, వెడల్పు 20 అడుగులు. జోడీలు ఆడే బ్యాడ్మింటన్ కోర్టు కొలతలు కూడా సరిగ్గా ఇవే. టెన్నిస్ జోడీల కోర్టు పొడవు 78 అడుగులు, వెడల్పు 36 అడుగులు. వైశాల్యం లెక్కగడితే, టెన్నిస్‌లో ఒక్కొక్క ఆటగాడు 702 చదరపు అడుగులను కాపాడుకోవలసి ఉండగా, పికిల్‌బాల్‌లో 220 చదరపు అడుగులు చాలు. మోకాళ్లు అరిగిన వయసులో ఈ తేడా సామాన్యమైనది కాదు.

అసలు విశేషం బంతిలో ఉన్నది. ఇది పలుచని గట్టి ప్లాస్టిక్‌తో చేసిన డొల్ల బంతి. దానికి 26 నుండి 40 వరకు చిల్లులు ఉండవచ్చు. బరువు సుమారు 22 నుండి 26 గ్రాములు. టెన్నిస్ బంతి బరువు 56 గ్రాములకు పైమాటే. అంటే పికిల్‌బాల్ బంతి బరువు అందులో సగం కూడా లేదు. వ్యాసం మాత్రం టెన్నిస్ బంతి కంటే కొంచెం ఎక్కువే. ఎదురుగాలికి ఎక్కువ ముఖం చూపే బంతిని గాలి ఎక్కువగా అడ్డుకుంటుంది. ఆ అడ్డును తట్టుకుని ముందుకు పోవాలంటే బరువు ఉండాలి. ముఖం పెద్దది, బరువు చిన్నది కావడం వల్ల పికిల్‌బాల్ బంతి త్వరగా వేగాన్ని కోల్పోతుంది. చిల్లుల వల్ల, టెన్నిస్ బంతి మీది నూగు వల్ల ఈ లెక్క కొంత అటూ ఇటూ కావచ్చును గాని, ఫలితం తారుమారు కాదు.

ఇంకొక సంగతి. గాలి నిరోధం వేగంతో పాటు సమంగా పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. బంతిని రెట్టింపు వేగంతో కొడితే గాలి దానిని నాలుగింతల బలంతో వెనక్కి లాగుతుంది. ఇరవై ఏళ్ల కుర్రవాడు తన కండబలమంతా ఉపయోగించి కొట్టిన దెబ్బ మీద ప్రకృతి వేసే పన్ను, డెబ్భై ఏళ్ల పెద్దమనిషి మెల్లగా కొట్టిన దెబ్బ మీద వేసే పన్ను కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఆదాయం పెరిగేకొద్దీ పన్ను రేటు పెరిగే ఈ దేశంలో స్థిరపడిన మనకు ఈ సూత్రం సులభంగానే బోధపడుతుంది!

బంతి పడి లేచే తీరులో కూడా ఇదే నిదానం కనిపిస్తుంది. నిబంధనల ప్రకారం 78 అంగుళాల ఎత్తు నుండి గ్రానైటు పలక మీద పడవేస్తే పికిల్‌బాల్ బంతి 30 నుండి 34 అంగుళాల వరకు లేవాలి. అంటే పడిన ఎత్తులో సుమారు నూటికి నలభై వంతులు. టెన్నిస్ బంతి 100 అంగుళాల నుండి పడితే 53 నుండి 58 అంగుళాల వరకు లేవాలి. అంటే నూటికి యాభై అయిదుకు దగ్గర. కనుక పికిల్‌బాల్ బంతి తలమీదుగా ఎగిరిపోదు, నడుము కిందనే ఉండి ఆటగాడి కోసం వేచి చూస్తుంది.

వంటింట్లోకి రావద్దు

ప్రకృతి చేసిన ఈ మేలుకు తోడు, ఆటను రూపొందించినవారు మరి కొన్ని నియమాలు చేర్చారు. సర్వీసును నడుము కింద నుండే కొట్టాలి. సర్వీసు అవతల ఒకసారి నేలను తాకాలి. తిరిగి వచ్చిన బంతి ఇవతల కూడా ఒకసారి నేలను తాకాలి. ఆ తరువాతనే గాలిలో ఉండగా కొట్టడానికి అనుమతి. దీనివల్ల సర్వీసు చేసినవాడు నెట్టు దగ్గరకు దూకి మొదటి దెబ్బతోనే ఆట ముగించే అవకాశం లేదు.

అన్నింటికంటే తెలివైన నియమం మరొకటి ఉన్నది. నెట్టుకు ఇరువైపులా ఏడేసి అడుగుల మేర ఒక నిషిద్ధ ప్రాంతం ఉంటుంది. అందులో నిలబడి, నేలను తాకని బంతిని కొట్టరాదు. దానికి వాడుకలో 'కిచెన్' అని పేరు, అనగా వంటిల్లు. మాగాయ గురించి అడిగిన పెద్దావిడకు ఈ నియమం వివరించినప్పుడు, "యాభై ఏళ్ల కాపురంలో నన్ను వంటింట్లోకి రావద్దని చెప్పిన మొదటి ఆట ఇదే నాయనా" అని మురిసిపోయి అప్పటికప్పుడే పేరు నమోదు చేయించుకున్నారు.

ఈ ఏడు అడుగుల వెనుక ఒక చిన్న లెక్క ఉన్నది. ఇద్దరు ప్రత్యర్థులు తమ తమ వంటింటి గీతల వెనుక ఎదురెదురుగా నిలబడితే వారి మధ్య దూరం 14 అడుగులు. గంటకు 30 మైళ్ల వేగంతో కొట్టిన బంతి ఆ దూరాన్ని సెకనులో మూడవ వంతు కాలంలో దాటుతుంది. కంటికి కనిపించినది మెదడుకు చేరి, చేయి కదలడానికే మనిషికి సెకనులో నాల్గవ వంతు వరకు పడుతుంది. అందువల్ల దూరం అంతకంటే తగ్గితే ఎవరికైనా బంతిని ఆపడం అదృష్టం మీద ఆధారపడే పని అయ్యేది. ఏడు అడుగుల నియమం యువకుడిని నెట్టు నుండి దూరంగా ఉంచి, పెద్దవారికి ఆ మాత్రం వ్యవధిని దక్కిస్తుంది. అందుకే ఈ ఆటలో ఆరితేరినవారు బలంగా కొట్టరు. ఎదుటివారి వంటింట్లోకి బంతిని మెల్లగా జారవిడుస్తారు. అక్కడ కావలసినది భుజబలం కాదు, మణికట్టు నేర్పు.

ఎవరిని ఇంటికి పంపాలి?

ఇక నాకు అప్పగించిన సమస్యకు వస్తాను. ముప్ఫైఇద్దరు ఆటగాళ్లు ఉన్నారనుకుందాం. వారు 16 జోడీలుగా ఏర్పడి నాకౌట్ పద్ధతిలో ఆడితే మొత్తం ఆటలు 15. ఒక్కొక్క ఆట ఒక్కొక్క జోడీని ఇంటికి పంపుతుంది కనుక, 16 జోడీలలో ఒకటి మిగలాలంటే 15 ఆటలు కావాలి. మొదటి ఆటతోనే ఎనిమిది జోడీలు, అంటే 16 మంది, ఆ రోజుకు సెలవు తీసుకుంటారు. వారు సాధారణంగా ఎవరు? కొత్తగా నేర్చుకుంటున్నవారు, పెద్దవారు, పిల్లలు. ఎవరిని ఒక చోట చేర్చాలని సంఘం తాపత్రయపడుతున్నదో, సరిగ్గా వారినే ఈ పద్ధతి ముందుగా బయటకు పంపుతున్నది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు, ఆ పద్ధతి గణితమే అటువంటిది.

దీనికి విరుగుడు కూడా గణితంలోనే ఉన్నది. విస్ట్ అనే పేకాటలో కూడా నలుగురు రెండు జోడీలుగా ఆడతారు. ప్రతివారికీ ప్రతి ఒక్కరితో జోడీ కుదిరేటట్లు జాబితా వేయడం ఎలా అన్న ప్రశ్నను 1896లో షికాగో విశ్వవిద్యాలయపు గణితాచార్యుడు ఈ. హెచ్. మూర్ పరిశీలించాడు. ఎనిమిదిమందికి సరిపడే జాబితాను ఇక్కడ ఇస్తున్నాను. ఏ ఊరి సంఘంవారైనా దీనిని వాడుకోవచ్చు.

ఆటగాళ్లకు 1 నుండి 8 వరకు సంఖ్యలు ఇవ్వండి. మొదటి వరుసలో 8, 7 ఒక జోడీగా 1, 3 జోడీతో ఆడతారు. 2, 6 ఒక జోడీగా 4, 5 జోడీతో ఆడతారు. రెండవ వరుసకు 8ని కదపకుండా, మిగిలిన ప్రతి సంఖ్యకూ ఒకటి కలపండి. 7 తరువాత మళ్లీ 1 వస్తుంది. అప్పుడు 8, 1 జోడీ 2, 4 జోడీతోనూ, 3, 7 జోడీ 5, 6 జోడీతోనూ ఆడతారు. మూడవ వరుసలో 8, 2 జోడీ 3, 5 జోడీతోనూ, 4, 1 జోడీ 6, 7 జోడీతోనూ ఆడతారు. ఇలా ఏడు వరుసలు వేస్తే మొత్తం 14 ఆటలు అవుతాయి. కాగితం తీసుకుని సరిచూడండి. ప్రతివారూ మిగిలిన ఏడుగురిలో ఒక్కొక్కరితో ఒక్కసారి జోడీగా, రెండుసార్లు ప్రత్యర్థిగా ఆడి ఉంటారు. ఎవరికీ మినహాయింపు లేదు, ఎవరికీ పక్షపాతం లేదు. గెలిచినా ఓడినా ఎవరు సంపాదించిన పాయింట్లు వారి పేరున జమ అవుతాయి.

ముప్ఫైఇద్దరిని ఎనిమిదేసి మంది చొప్పున నాలుగు బృందాలు చేసి, బృందానికి ఒక కోర్టు ఇస్తే, ఆటకు 15 నిమిషాల చొప్పున మూడున్నర గంటలలో 56 ఆటలు పూర్తవుతాయి. నలుగురు ఆడుతుంటే అదే బృందంలోని మరి నలుగురు పక్కన కూర్చుని ఉంటారు. కూర్చున్నవారు మాట్లాడుకోక ఏం చేస్తారు? నా దృష్టిలో ఆ కూర్చునే సమయమే ఈ పద్ధతిలోని అసలు లాభం.

సంఘం ఈ పద్ధతికి ఒప్పుకున్నది. అయితే నాకౌట్ కావాలన్న యువకుల మాటను కూడా పూర్తిగా కాదనలేదు. ఉదయం అందరికీ ఈ పద్ధతి, మధ్యాహ్నం భోజనాల తరువాత ఆసక్తి ఉన్నవారికి నాకౌట్ అని నిర్ణయించాము.

ఎనిమిదవ పేరు

గత అక్టోబరులో ఒక శనివారం, సియాటిల్‌కు అలవాటైన సన్నని వాన కురుస్తుండగా, ఒక పాఠశాల వ్యాయామశాలలో పోటీ మొదలుపెట్టాము. తీరా చూస్తే వచ్చినవారు ముప్ఫైఒక్కరు. ఒకరికి రాత్రి నుండి జ్వరమట. నా జాబితాలో నాలుగవ బృందానికి ఎనిమిదవ సంఖ్య ఖాళీ. ముందు చెప్పిన గణితం ఏడుగురితో నడవదు.

గోడవారగా బల్ల మీద, స్వెట్టరు వేసుకుని ఒక పెద్దాయన కూర్చుని ఉన్నారు. గుడివాడ దగ్గర ఉన్నత పాఠశాలలో లెక్కల మాస్టారుగా పనిచేసి పదవీ విరమణ చేశారు. భార్య పోయిన తరువాత, ఏడాది కిందట కొడుకు దగ్గరకు వచ్చారు. ఆ ఏడాదిలో నేను ఆయనను నాలుగైదు వేడుకలలో చూశాను గాని, "బాగున్నారా?" "బాగున్నాను" అన్న రెండు మాటలకు మించి మా మధ్య సంభాషణ జరగలేదు. కొడుకూ కోడలూ ఉద్యోగాలకూ, మనుమడు బడికీ వెళ్లగా, పగలంతా కిటికీ పక్కన కూర్చుంటారని తరువాత తెలిసింది.

"మాస్టారూ, ఒక చేయి తక్కువైంది. వస్తారా?" అని అడిగాను. ఆయన కాసేపు కోర్టు వైపు చూసి, "కాలేజీ రోజుల్లో బాల్ బ్యాడ్మింటన్ ఆడేవాడినండీ. ఫైవ్స్‌లో సెంటర్" అన్నారు.

ఈ తరం పాఠకుల కోసం ఒక మాట. బాల్ బ్యాడ్మింటన్ తంజావూరులో పుట్టి దక్షిణదేశమంతా వ్యాపించిన ఆట. పసుపు రంగు ఊలు బంతితో జట్టుకు అయిదుగురు చొప్పున ఆడతారు. మన కళాశాలల మైదానాలలో ఒకప్పుడు సాయంత్రమైతే ఈ ఆటే కనిపించేది. తెలుగునాట ఆ ఆటకు పర్యాయపదంగా నిలిచిన జె. పిచ్చయ్యగారు 1970లో అర్జున పురస్కారం అందుకున్నారు. ఆ ఊలు బంతి బరువు 27 నుండి 30 గ్రాములు. అంటే పికిల్‌బాల్ బంతికి అది టెన్నిస్ బంతి కంటే ఎంతో దగ్గరి చుట్టం.

కొడుకు కంగారుపడ్డాడు. మాలో ఉన్న ఒక డాక్టరుగారు మాస్టారి రక్తపోటు, గుండె, మందుల సంగతులు అడిగి తెలుసుకుని, వెనక్కి పరుగెత్తకూడదన్న షరతు మీద అనుమతి ఇచ్చారు. కొడుకు బూట్లు తండ్రికి సరిపోయాయి. అలా ఎనిమిదవ గడిలో మాస్టారి పేరు చేరింది.

మొదటి రెండు ఆటలలో ఆయన ప్రతి బంతినీ నేలను తాకకముందే కొట్టేశారు. ఊలు బంతిని నేల మీద పడనీయకపోవడమే ఆ ఆట ధర్మం. యాభై ఏళ్ల కిందటి అలవాటు చేతిని విడిచిపెట్టలేదు. రెండు ఆటలూ ఓడిపోయారు. మూడవ ఆటలో ఆయనకు జోడీగా వచ్చింది పదమూడేళ్ల అమ్మాయి. ఇక్కడే పుట్టి పెరిగిన పిల్ల. తెలుగు అర్థమవుతుంది గాని, మాట్లాడటానికి సిగ్గుపడుతుంది. బంతి వచ్చిన ప్రతిసారీ ఆ పిల్ల "తాతగారూ, ఆగండి! ఆగండి!" అని కేక పెట్టడం మొదలుపెట్టింది. మాస్టారు ఆగారు. బంతి పడింది, లేచింది. ఆయన మణికట్టును కొద్దిగా తిప్పారు. బంతి నెట్టు అంచు మీదుగా జారి అవతలివారి వంటింట్లో పడింది. ఎదురుగా ఉన్న యువ ఇంజనీరు దానిని చూస్తూ ఉండిపోయాడు.

ఈ ఆటలో సర్వీసు చేసేముందు మూడు సంఖ్యలు పలకాలి: తమ పాయింట్లు, ఎదుటివారి పాయింట్లు, సర్వీసు చేస్తున్నది జోడీలో మొదటివారా, రెండవవారా అన్నది. మాస్టారు బడిలో ఎక్కాలు చెప్పినట్లు "ఆరు, నాలుగు, ఒకటి!" అని తెలుగులోనే గట్టిగా పలికారు. కాసేపటికి ఆ కోర్టు మీద అందరూ తెలుగులోనే పలకసాగారు. పదకొండు పాయింట్లకు ఆట ముగుస్తుంది కనుక, మధ్యాహ్నానికి ఆ బృందంలోని పిల్లలందరికీ సున్న నుండి పదకొండు వరకు తడుముకోకుండా వచ్చింది.

మాస్టారు ఏడు ఆటలలో అయిదు ఓడారు, రెండు గెలిచారు. బృందంలో ఆయనది ఆరవ స్థానం. అయితే నా జాబితాలో ఎనిమిదవ సంఖ్యకు ఉన్న ప్రత్యేకతను పాఠకులు గమనించే ఉంటారు. మిగిలిన ఏడూ వరుసవరుసకూ మారుతుంటాయి, ఎనిమిది మాత్రం కదలదు. దాని దగ్గరకు ఒకరి తరువాత ఒకరుగా అందరూ రావలసిందే. ఏడాది పాటు ఎవరూ పక్కన కూర్చోని మనిషి పక్కన ఆ ఉదయం ఏడుగురు జోడీలు నిలబడ్డారు. ఆ గడిలో ఆయన పేరు పడటం కేవలం యాదృచ్ఛికం. కాని, జాబితా వేసినవాడిగా ఆ యాదృచ్ఛికానికి నేను ఎంతో సంతోషించాను.

మధ్యాహ్నం నాకౌట్ కూడా జరిగింది. ఈసారి కప్పు అందజేసే వేళకు హాలు నిండుగా ఉన్నది. ఒకరిద్దరు యువకులు మాత్రం, "ఉదయం పద్ధతిలో నిలకడైన జోడీ లేకపోవడంతో ఆట పదును తగ్గింది" అన్నారు. అందులో నిజం లేకపోలేదు. రెండు పద్ధతులూ ఉండవలసిందేనని నాకు అనిపించింది.

ఆయుర్దాయపు లెక్కలు

ఈ సంతోషానికి వైద్యశాస్త్రం ఏమంటున్నది? డెన్మార్కు రాజధాని కోపెన్‌హాగెన్‌లో ఎనిమిదిన్నర వేలమందిని పాతికేళ్ల వరకు గమనించిన అధ్యయన ఫలితాలు 2018లో వెలువడ్డాయి. వ్యాయామం లేనివారితో పోలిస్తే, టెన్నిస్ ఆడేవారి ఆయుర్దాయం 9.7 సంవత్సరాలు, బ్యాడ్మింటన్ ఆడేవారిది 6.2 సంవత్సరాలు అధికంగా కనిపించింది. ఒంటరిగా పరుగెత్తేవారికి 3.2, వ్యాయామశాలలో యంత్రాలతో కుస్తీపట్టేవారికి 1.5 సంవత్సరాలు మాత్రమే అధికం. నలుగురితో కలిసి ఆడే ఆటలకే ఎక్కువ మేలు కనిపించిందని పరిశోధకులు వ్యాఖ్యానించారు. అయితే ఇది కేవలం పరిశీలన. ఆట వల్లనే ఆయువు పెరిగిందో, ఆరోగ్యమూ స్నేహితులూ ముందే ఉన్నవారు ఆటకు వచ్చారో ఈ అధ్యయనం తేల్చలేదని కూడా వారే హెచ్చరించారు. పికిల్‌బాల్ ఆ జాబితాలో లేదు. దాని అన్నదమ్ములు ఉన్నాయి.

2023లో అమెరికా సర్జన్ జనరల్ వివేక్ మూర్తి ఒంటరితనం గురించి ఒక ప్రత్యేక హెచ్చరిక వెలువరించారు. సామాజిక సంబంధాలు కొరవడినవారికి గుండెజబ్బు ముప్పు నూటికి 29 వంతులు, పక్షవాతం ముప్పు నూటికి 32 వంతులు ఎక్కువని అందులో పేర్కొన్నారు. మధుమేహమూ, గుండెజబ్బూ ఇతరులకంటే త్వరగా పలకరించే దక్షిణాసియా సంతతివారమైన మనం ఈ మాటను తేలికగా తీసుకోరాదు. అరవై అయిదేళ్లు దాటినవారు కూడా వారానికి కనీసం 150 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ చేయాలనీ, వారంలో మూడు రోజులు శరీర సమతౌల్యాన్ని పెంచే వ్యాయామం చేయాలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది.

అయితే జాగ్రత్తలు తప్పనిసరి. ఈ ఆటలో పెద్దవారికి తగిలే దెబ్బలలో బెణుకులు, పడిపోవడం వల్ల విరిగే మణికట్లు ముఖ్యమైనవి. తలమీదుగా పోయే బంతి కోసం వెనక్కి అడుగులు వేయడం అన్నింటికంటే ప్రమాదం. అనుభవంతో చెబుతున్నాను. పక్కకు తిరిగి నడవండి, లేదా బంతిని పోనివ్వండి. ఒక పాయింటు కంటే ఒక ఎముక విలువైనది. పక్కలకు పట్టునిచ్చే కోర్టు బూట్లు, కళ్లకు రక్షణ అద్దాలు, ఆటకు ముందు పది నిమిషాలు ఒళ్లు వేడెక్కే కదలికలు, గుండెజబ్బు ఉన్నవారికి వైద్యుడి సలహా అత్యవసరం.

చివరి మాట

మాస్టారు ఇప్పుడు ప్రతి శనివారం ఆ వ్యాయామశాలకు వస్తున్నారు. తీసుకువచ్చేది ఒకసారి కొడుకు, ఒకసారి ఆ అమ్మాయి తండ్రి, ఒకసారి నేను. కారులో ఆయన మాట్లాడుతూనే ఉంటారు. నాకు ఆ ప్రయాణంలో తెలిసిన కృష్ణా జిల్లా కబుర్లు ఇన్నేళ్ల సంఘ సభ్యత్వంలో తెలియలేదు. మిగతా ఆరు రోజులూ ఆయన కిటికీ పక్కనే ఉంటారన్నది కూడా నాకు తెలుసు. ఒక ఆట అన్నింటినీ తీర్చలేదు. కాని, వారానికి ఒక ఉదయం తక్కువేమీ కాదు.

పుట్టిన ఊరినీ, పెరిగిన వీధినీ వదిలి వచ్చిన మనమందరమూ ఒక విధంగా మిగిలినవారి పడవలోని వాళ్లమే. పైన ఇచ్చిన ఎనిమిది సంఖ్యల జాబితాను కత్తిరించి మీ హాలు గోడకు అంటించుకోండి. ఏడు పేర్లు తేలికగానే దొరుకుతాయి. ఎనిమిదవ పేరు రాసేముందు, మీ ఇంట్లో కిటికీ పక్కన కూర్చున్నవారిని ఒకసారి అడిగి చూడండి.